ఉన్న కాస్త డబ్బుతో ముందు ఏది మార్చాలి?

ప్రశ్న: మాది రెండు గదుల రేకుల ఇల్లు, అద్దెకుంటున్నాం. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. పగలంతా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, రాత్రి ఎలాగూ తప్పదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫ్రిజ్, రెండు పాతకాలం బల్బులు ఉన్నాయి. బిల్లు వచ్చే రోజంటేనే టెన్షన్. కూడబెట్టిన డబ్బుతో ఏదైనా ఒక పెద్ద వస్తువు మార్చగలం. మావారు ఫ్రిజ్ అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. చవగ్గా వచ్చిందని ఆమె ఒక పాత ఫ్రిజ్ కొంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని అసలు ఖర్చు బిల్లులో కడుతూనే ఉంది. డబ్బు లేనివాళ్లకే కరెంటు ఎక్కువ తాగే వస్తువులు దొరుకుతాయి. నాకు ఇదే బాధ.

అయినా మీరు ముందు ఫ్యాను మార్చండి. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అనే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం ఫ్యానుకు 30 వాట్ల చుట్టుపక్కల చాలు. అంటే 45 వాట్ల తేడా. మీ ఫ్యాను రోజుకు 16 గంటలు తిరుగుతుందనుకుంటే, నెలకు 21 యూనిట్లకు పైనే మిగులుతాయి. ఎక్కువ గంటలు నడిచే వస్తువు మీదే డబ్బు త్వరగా తిరిగొస్తుంది. ఫ్యాను ధరను నెలనెలా మిగిలే డబ్బుతో భాగించి చూసుకోండి, ఎన్ని నెలల్లో తీరుతుందో తెలుస్తుంది. పైగా ఇల్లు మారితే విప్పి పట్టుకుపోవచ్చు.

మీ గోడకు పాతకాలం పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉంటే, ఫ్యాను తక్కువ స్పీడులో పెట్టి కాసేపాగి దాని మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగులుతుంది. గాలిగా మారాల్సిన కరెంటు అక్కడ వేడిగా పోతోందన్నమాట. కొత్త ఫ్యానుకు అది అక్కర్లేదు, బిగించేటప్పుడే తీసేయించండి.

బల్బుల గురించి ఆలోచించే పనే లేదు, ఈ వారమే మార్చేయండి. 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. కుట్టుపనికి కళ్లకు కూడా హాయి.

ఇక ఫ్రిజ్. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి, మెల్లగా లాగండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే రబ్బరు వదులైనట్టు. తలుపు చుట్టూ నాలుగైదు చోట్ల ఇలాగే చూడండి. రబ్బరు మారిస్తే మోటారుకు చాలా ఊపిరి. వెనకవైపు గోడకు జానెడు దూరం జరపండి, దుమ్ము దులపండి. అప్పటికీ మోటారు ఆగకుండా కొట్టుకుంటుంటే, తర్వాత కూడబెట్టిన డబ్బు ఫ్రిజ్‌కి.

రేకుల మీద వేడి తగ్గించే తెల్ల రంగు వేయిస్తే గది నిజంగా చల్లబడుతుంది. కానీ ఆ ఖర్చు మీరు పెట్టుకోకండి, యజమానిని అడగండి. ఇల్లు ఆయనది, బిల్లు మీది. అందుకే అద్దె ఇళ్లలో ఈ పనులు ఎప్పటికీ కావు. అమెరికాలో 1976 నుంచి వెదరైజేషన్ అసిస్టెన్స్ అనే పథకం ఉంది. తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లలో గాలి దూరే సందులు పూడ్చి, వేడి, చలి ఆపే పనులు ప్రభుత్వ డబ్బుతో చేయిస్తారు. యజమాని ఒప్పుకుంటే అద్దెకున్నవాళ్లకూ చేస్తారు. ఇలాంటి ఖర్చు పేదింటి మీద వేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఫ్యాను వాయిదాల్లో కొంటే, నెల వాయిదా మీకు మిగిలే కరెంటు డబ్బుకంటే తక్కువ ఉండేలా చూసుకోండి.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నా. ఇంట్లో పిల్లలుండి, ఇన్నాళ్లూ బిల్లుకు భయపడి వాళ్ల గదిలో ఫ్యాను ఆపేసి ఉంటే, ఇప్పుడు ధైర్యంగా వేస్తారు. బిల్లు అనుకున్నంత తగ్గదు. మీవారు "దండగ" అన్నారని బాధపడకండి, పిల్లలు నిద్రపోయారు కదా. ఫ్యాను బిగించిన రోజు మీటరు రీడింగ్ మీ కొలతల పుస్తకంలో రాసుకోండి, నెల తర్వాత మళ్లీ చూసి నాకు రాయండి.