క్లంప్కే పాల్సీలో ఉన్న క్లంప్కే ఎవరంటే

మీ ప్రశ్నలో రెండున్నాయి, న్యూరాలజీలో తొలితరం ఆడ డాక్టర్లలో ఎవరి గురించి చదవాలి, వాళ్లు చేసింది ఇప్పుడు ఎవరికైనా పనికొస్తోందా అని. నేనైతే ఆగస్టా డెజెరిన్-క్లంప్కే పేరు చెప్తా. నేను న్యూరో ఫిజియోథెరపీలో పనిచేస్తున్నా, చెయ్యి చచ్చుబడినవాళ్లు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు ఎక్కువగా వస్తారు, ఈ రెండు రకాల పేషెంట్ల దగ్గరా నేను ముందు చూసుకునేవి ఆవిడ ఎప్పుడో రాసిపెట్టినవే.

1859లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టింది. అమ్మానాన్నలు విడిపోయాక తల్లి పిల్లల్ని తీసుకుని యూరప్ వచ్చేసింది, కొన్నాళ్లు స్విట్జర్లాండ్‌లో లౌజాన్, తర్వాత 1877లో పారిస్, అది కూడా ఆగస్టాని డాక్టర్ చదివించడానికే. ఆ తల్లి గురించి అసలు ఇంకో జవాబు రాయొచ్చు, ఒక కూతురు అన్నా పెయింటర్, ఇంకో కూతురు డొరోథియా పారిస్ అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రవేత్త, జూలియా వయొలిన్.

పారిస్‌లో మెడిసిన్ సీటు అప్పటికే ఆడవాళ్లకి ఇస్తున్నారు, గొడవంతా ఆసుపత్రి పోస్టుల దగ్గరే. కింది మెట్టు ఎక్స్‌టెర్న్, దాంట్లోకి 1882లో రానిచ్చారు గానీ పైనున్న ఇంటర్న్ పోస్టు అడగకూడదని షరతు పెట్టారు! పెద్ద డాక్టర్ అవ్వాలంటే దారి అదే మరి. ఆగస్టా, ఆవిడతో పాటు చదువుతున్న బ్లాంష్ ఎడ్వర్డ్స్ అర్జీల మీద అర్జీలు పెట్టారు, అవతల వద్దని పిటిషన్లు, స్టూడెంట్లు బ్లాంష్ దిష్టిబొమ్మ కూడా తగలబెట్టారు. చివరికి 1885 జులైలో ప్రిఫెక్ట్ (ఆ ప్రాంతానికి పెద్ద ప్రభుత్వ అధికారి) యూజీన్ పూబెల్ ఓకే అన్నాడు (పారిస్‌లో ఇళ్లకి చెత్తడబ్బాలు కంపల్సరీ చేసింది కూడా ఈయనే). 1886 పోటీ పరీక్షలో నెగ్గి పారిస్ ఆసుపత్రుల్లో మొదటి మహిళా ఇంటర్న్ అయింది ఆగస్టా.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, మొదటి మహిళ, చప్పట్లు, అంతే. నాకు అదొక్కటే నచ్చదు. 1885లో ఇంకా స్టూడెంట్‌గా ఉండగానే ఆవిడ ఒక పేపర్ రాసింది, మెడ నుంచి చేతిలోకి వెళ్లే నరాల్లో కింది వేర్లు, అంటే సీ8, టీ1 (వెన్నుపాములోంచి మెడ అడుగున, ఛాతీ పైభాగాన బయటికొచ్చే నరాలు) దెబ్బతింటే అరచేతిలో చిన్న కండరాలు చచ్చుబడతాయి, దాంతో పాటు అదే వైపు కంటిపాప చిన్నదవుతుంది, రెప్ప కాస్త వాలుతుంది అని. దీన్నే ఇప్పుడు క్లంప్కే పాల్సీ అంటున్నాం, పాల్సీ అంటే చచ్చుబడటం. చేతికీ కంటికీ ఏంటి సంబంధం అంటే, కంటికి వెళ్లే సింపథటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా వాటంతటవే పనిచేసే నరాలు) దారి టీ1 వేరు గుండానే పోతుంది, దీన్ని కుక్కల మీద ప్రయోగాలు చేసి మరీ చూపించింది. దీనికే 1886లో మెడిసిన్ అకాడమీ బహుమతి ఇచ్చింది.

పుస్తకాల్లో ఇది కాన్పులో బిడ్డ చెయ్యి లాగడం వల్ల వస్తుందని చదువుతాం గానీ పసిపిల్లల్లో అచ్చంగా ఆ కింది నరాల వేర్లే దెబ్బతినడం చాలా అరుదు. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా బైక్ మీంచి పడ్డ కుర్రాళ్లు. వాళ్లు చెయ్యి చాపి చూపిస్తుంటే నేను మొహం చూస్తుంటా, వాళ్లకి వింతగా ఉంటుంది. కంటిపాప తేడాగా ఉందంటే నరం వెన్నుపాము దగ్గరే ఊడివచ్చి ఉండొచ్చు, అలాంటిది ఎక్సర్‌సైజులతో తిరిగొస్తుందని ఆశపెట్టకూడదు, నర్వ్ సర్జన్ దగ్గరికి తొందరగా వెళ్లాలి.

1888లో న్యూరాలజిస్ట్ జూల్ డెజెరిన్‌ని పెళ్లి చేసుకుంది, ఇద్దరూ కలిసి మెదడు నిర్మాణం మీద రెండు సంపుటాల పెద్ద పుస్తకం తెచ్చారు, 1895లో ఒకటి, 1901లో ఒకటి. అట్ట మీద ఆయన రచయిత, ఆవిడ 'సహకారం', ఆ కాలం మర్యాదలు అలాగే ఉన్నాయిలెండి. 1914లో ఫ్రాన్స్ న్యూరాలజీ సొసైటీకి ప్రెసిడెంట్ అయింది, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి.

ఇక మొదటి ప్రపంచ యుద్ధం. 1917లో భర్త పోయాడు, ఆవిడ మాత్రం వెన్నుపాముకి తూటాలు తగిలిన సైనికుల్ని చూస్తూనే ఉంది. కాళ్లు పడిపోయినవాళ్లకి తుంటి, మోకాళ్ల చుట్టూ కండల మధ్య కొత్తగా ఎముక పెరగడం గమనించి 1918లో ఆండ్రే సెయ్యే అనే డాక్టర్‌తో కలిసి రాసింది. దీన్నే ఇప్పుడు హెటరోటోపిక్ ఆసిఫికేషన్ అంటున్నాం. నా పేషెంట్లలో ఇది బాగా చికాకు పెట్టేది, మొదట తుంటి దగ్గర వాపు, వేడి, రక్తం గడ్డకట్టిందేమో అనుకుంటాం, నెమ్మదిగా కీలు బిగుసుకుపోయి కుర్చీలో సరిగ్గా కూర్చోలేరు, బలవంతంగా వంచితే ఇంకా చెడొచ్చు. నన్నడిగితే ఆవిడ పనిలో పాల్సీ కంటే ఇది తక్కువేం కాదు, కానీ దీనికి ఆవిడ పేరు పెద్దగా ఎవరూ వాడరు.

ఆవిడ 1927లో పారిస్‌లో చనిపోయింది. మీరు వెతికేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, పెళ్లికి ముందు పేపర్లు క్లంప్కే పేరుతో ఉంటాయి, తర్వాతవి డెజెరిన్-క్లంప్కే లేదా మేడమ్ డెజెరిన్. ఎముకల పేపర్‌ని చాలాచోట్ల ఉత్త 'డెజెరిన్, సెయ్యే, 1918' అని రాస్తారు, చదివినవాళ్లు భర్తదే అనుకుంటారు, ఆయన అప్పటికే పోయి ఏడాది.