పిల్లల ఎమర్జెన్సీలో పని చేస్తానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. తమ్ముడికి జ్వరంతో ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి పిల్లల ఎమర్జెన్సీలోనే పని చేస్తానంటోంది. నీట్‌లో సీటు రాకపోతే బీఎస్సీ నర్సింగ్ చదువుతుందట. అది మాకు ఇష్టం లేదు. ఎమర్జెన్సీ టెక్నాలజీ కోర్సు చేస్తే విదేశాల్లో ఉద్యోగం ఖాయమని తెలిసినవారు చెప్పారు. మూడింటిలో ఏది మేలు? తను చాలా సున్నిత మనస్కురాలు, తట్టుకోగలదా? - ఒక తండ్రి

జవాబు: చివర్లో రాశారు గానీ, మీ అసలు దిగులు ఆ సున్నితత్వం గురించే. పిల్లల ఎమర్జెన్సీకి జ్వరం, ఆయాసం, విరేచనాలు, ఫిట్స్‌తో వచ్చేవారిలో చాలామంది కోలుకుని ఇంటికి వెళ్తారు. అక్కడ మందు మోతాదు బిడ్డ బరువును బట్టి మారుతుంది. తూచే వ్యవధి లేకపోతే పొడవు కొలిచి బరువు అంచనా వేసే రంగుల టేపు వాడతారు. ఇంత పనిలో పడి కూడా తల్లిని పక్కనే ఉండనిచ్చి, ఏం చేయబోతున్నారో బిడ్డకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. అందుకు మీ అమ్మాయి లాంటి మనసే కావాలి. చేయి వణకకుండా ఉండటం శిక్షణలో వస్తుంది.

డాక్టరు దారి సుదీర్ఘం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్లు, ప్రాణాపాయంలో ఉన్న పిల్లలను చూసే క్రిటికల్ కేర్‌లో డీఎం అనే పై డిగ్రీ మరో మూడేళ్లు. లాంగ్‌టర్మ్ కోచింగ్ ఆమె అడిగితే ఒక్క ఏడాది ఇప్పించండి. మీ పట్టుదల కోసమైతే వద్దు.

అంబులెన్సులో, క్యాజువాలిటీలో అత్యవసర సాయం చేసే పనికి తయారుచేసే టెక్నాలజీ కోర్సు మీదే నాకు అనుమానాలు. 2005లో 108 అంబులెన్సులు వచ్చాక ఈ పని విలువ అందరికీ తెలిసింది, నిజమే. కానీ ఆ ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టువి. సొంత ఆసుపత్రి లేకుండానే ఈ కోర్సు నడిపే కాలేజీలున్నాయి. క్యాజువాలిటీ చూడని విద్యార్థికి ఎమర్జెన్సీ ఎలా వస్తుంది? విదేశాల్లో పారామెడిక్‌గా చేరాలంటే ఆ దేశపు లైసెన్సు కావాలి, మన డిగ్రీ చూపిస్తే చాలదు. ఖాయమన్న మనిషికి కమిషన్ ఎంతో కనుక్కోండి.

నర్సింగ్ ఎందుకు ఇష్టం లేదో మీరు రాయలేదు. పెళ్లి సంబంధాలు, నలుగురి మాట, నైట్ డ్యూటీలు, అంతేనా? మీ అబ్బాయి పక్కన రాత్రంతా ఉండి జ్వరం చూసింది ఎవరు? ఆ రాత్రి సిస్టర్ అని పిలిచారు, ఇప్పుడు కూతురికి ఆ ఉద్యోగం తక్కువైందా? కోపం వస్తే రానివ్వండి, అడగక తప్పలేదు. బీఎస్సీ నాలుగేళ్లు, ఆ తర్వాత పిల్లల నర్సింగ్‌లో ఎమ్మెస్సీ రెండేళ్లు. పిల్లల దగ్గరికి త్వరగా చేర్చే దారి ఇదే. విదేశీ అవకాశాలు కూడా టెక్నాలజీ కోర్సు కంటే దీనికే ఎక్కువ, అక్కడి పరీక్షలు రాయాల్సి ఉన్నా.

నీట్ రాయించండి, నర్సింగ్‌కూ దరఖాస్తు పెట్టించండి. కాలేజీ చూడబోతే భవనం చూసి రావద్దు. అనుబంధ ఆసుపత్రిలో పిల్లల వార్డు ఉందా, విద్యార్థులను క్యాజువాలిటీకి పంపుతారా, రాత్రి డ్యూటీలో వాళ్లతో ఎవరుంటారు అని అడగండి. ఆ ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి.