మేనల్లుడికి, దమ్ము సంగతి

అల్లుడూ,

దసరాకి వచ్చినప్పుడు ఒంగోలు బస్టాండు నుంచి నా బండి వెనకాల కూర్చున్నావు గదా, చూయింగ్ గమ్ వాసన కింద ఇంకో వాసన తగిలింది. పందొమ్మిదేళ్లు సిగరెట్లు కాల్చినవాణ్ని, నా ముక్కుని ఏమార్చలేవు. మీ అమ్మకు చెప్పలేదు. చెప్పను కూడా.

క్యాన్సర్ వస్తుందని నీకు చెప్పడం దండగ. పెట్టెకి రెండు వైపులా 85 శాతం ఆ బొమ్మే ఉంటుంది. పదిహేడేళ్లవాడికి అది ముసలాళ్ల గొడవలా కనిపిస్తుంది.

నేను మొదలుపెట్టింది 1984లో, ఇంటర్ రెండో ఏడు. మోజుతో కాదురా. పొగాకు నాకు కొత్తా? మీ తాత పొలంలో వర్జీనియా ఆకు తెంపి, వేడికి ఆరబెట్టే బ్యారన్‌కి మోసేవాళ్లం. జిగురు చేతులకి నల్లగా పట్టేది, ఎంత తోమినా అన్నం ముద్ద చేదుగా తగిలేది. మంచుకి తడిసిన ఆకు మోసిన రోజు తల తిరిగి వాంతులు. నికోటిన్ చర్మంలోంచి కూడా ఎక్కుతుందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఇంత చూసినవాణ్ని, టీ కొట్టు దగ్గర నలుగురిలో నిలబడేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సిగరెట్ పట్టుకున్నాను. వాళ్లు టౌను పిల్లలు, నాది పల్లెటూరి యాస. నోట్లో సిగరెట్ ఉంటే మాట్లాడక్కర్లేదు గదా. "దమ్ము కొట్టడానికి కూడా దమ్ము లేదా" అన్నాడొకడు. అంతే. దగ్గి దగ్గి కళ్లలో నీళ్లొస్తే అందరూ నవ్వారు. నన్ను కలుపుకున్నారని సంబరపడ్డాను, పిచ్చివాణ్ని.

నీ సంగతీ ఇదేనని నా అనుమానం. అందుకే టీ కొట్టుకి పోవద్దని అనను. హాస్టల్ గదిలో ఒక్కడివే కూర్చుంటే ర్యాంకుల టెన్షన్ ఇంకా తినేస్తుంది. వెళ్లు, గ్లాసు రెండు చేతులా పట్టుకో. ఎవడైనా ఇస్తే "వద్దురా" అని వెంటనే క్రికెట్టో వార్డెన్ సంగతో ఎత్తుకో. కారణం మాత్రం చెప్పకు. గొంతు నొప్పంటే రేపు తగ్గిందా అంటారు, ఇంట్లో తెలుస్తుందంటే పిరికివాడంటారు. ఉత్త "వద్దు"కి ఎదురుమాట దొరకదు. నాలుగు రోజులు ఎగతాళి చేస్తారు, తర్వాత వాళ్లకే విసుగొస్తుంది.

ఇంకోటి. ఆ గుంపులో ఇష్టం లేకుండా కాల్చేవాడు నువ్వొక్కడివే అయ్యుండవు. మా నలుగురిలో అలాంటివాడు ఉన్నాడని ముప్పై ఏళ్ల తర్వాత ఒక పెళ్లి భోజనాల దగ్గర తెలిసింది. "నువ్వు కాలుస్తున్నావు గదా అని నేనూ కాల్చాన్రా" అన్నాడు. నేనేమో వాణ్ని చూసి కాల్చాను!

పద్దెనిమిది లోపు వాళ్లకి అమ్మకూడదని, కాలేజీకి వంద గజాల లోపు అసలే అమ్మకూడదని 2003లోనే చట్టం చేశారు. కొట్టువాడు లూజుగా ఒకటి తీసి ఇస్తూనే ఉన్నాడు. ఆ చట్టాన్ని నమ్ముకోకు.

ఇప్పటికే రోజూ కావాలనిపిస్తుంటే దాచకు. నాకు మానడానికి నాలుగుసార్లు పట్టింది. మొదటి మూడు రోజులే మొండివి. నోరు లాగినప్పుడల్లా నీళ్లు తాగి మేడ మెట్లు ఎక్కి దిగేవాణ్ని, అయిదు నిమిషాలకి కాస్త మెత్తబడేది. పెట్టె మీద 1800-11-2356 అని ఉంటుంది, మానాలనుకునేవాళ్లకి సలహా చెప్తారు, డబ్బులు పడవు. ఆదివారం ఫోన్ ఇచ్చినప్పుడు నాకైనా చెయ్యి, తిట్టను.

అత్తయ్య సున్నుండలు పంపుతోంది. డబ్బా గదిలో దాచుకోకుండా సాయంత్రం టీ కొట్టుకి పట్టుకెళ్లి నువ్వే పంచు. చేతులకి పనుంటుంది.

మీ మామయ్య