గేమ్ డెవలప్‌మెంట్ కోర్సుకు ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర బంగారుపాళ్యం. తోతాపురి తోట మీదే బతుకు. మావాడు నిరుడు బీటెక్ అయ్యాడు. వీడియో గేమ్‌లు తయారుచేయడం నేర్చుకుంటానని, బెంగళూరులో ఏడాది కోర్సులో చేరతానని పట్టుబట్టాడు. ఒకేసారి కడితే ఫీజు 3.10 లక్షలు. లేదంటే వడ్డీ లేకుండా నెలకు 15 వేల చొప్పున 24 నెలలు కట్టమంటున్నారు. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప ఇంటర్ సెకండియర్. ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐకి వెళ్లాలా?

జవాబు: ఇప్పటికి రెండూ వద్దండి. అలాగని అబ్బాయిని ఈ దారి మానుకోమనడం లేదు.

ముందు ఆ వడ్డీ లేని ఈఎంఐ సంగతి. 15 వేలు 24 నెలలు కడితే 3.60 లక్షలు. ఒకేసారి కడితే 3.10 లక్షలే కదా! ఆ తేడా 50 వేలూ వడ్డీయే. లెక్కగడితే ఏడాదికి దాదాపు 15 శాతం పడుతోంది. పైగా ఇలాంటి ఏర్పాట్లలో సాధారణంగా ఓ ఫైనాన్స్ కంపెనీ మీ పేరునో, అబ్బాయి పేరునో లోన్ రాసుకుని ఫీజు మొత్తం సంస్థకు ఇచ్చేస్తుంది. అబ్బాయి రెండో నెలలో మానేసినా, సంస్థే మూతపడినా కిస్తీలు మాత్రం ఆగవు. మీ పేరున ఉన్న లోన్‌లో ఒక్క కిస్తీ తప్పినా సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రేపు పాప చదువుకు లోన్ అడిగితే బ్యాంకువాళ్లు చూసేది దాన్నే.

మామిడి డబ్బు మీ చేతికొచ్చేది ఏడాదికోసారి. ఈఎంఐ నెలనెలా పోతుంది. 2025లో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలు ఇప్పించాల్సి వచ్చిందంటే పరిస్థితి నాకన్నా మీకే బాగా తెలుసు. అలాంటి రాబడి మీద నెలవారీ అప్పు ఎత్తుకోకండి.

ఎఫ్‌డీ తీసినా సరిపోదు. పీజీ హాస్టల్‌కి, తిండికి నెలకు 12 వేలు వేసుకున్నా ఫీజుతో కలిపి 4.54 లక్షలవుతుంది. ఈలోపే పాప కాలేజీ ఫీజు వస్తుంది.

ఈ రంగంలో నేర్చుకునే సరంజామా చాలావరకు ఉచితం. గేమ్ తయారుచేసే గోడో, బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లకు పైసా కట్టక్కర్లేదు. పెద్ద గేమ్‌లకు వాడే అన్‌రియల్ ఇంజిన్ కూడా ఒక గేమ్ మీద 10 లక్షల డాలర్లు వచ్చేదాకా రాయల్టీ, అంటే రాబడిలో వాటా, అడగదు. కావాల్సిందల్లా గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్. దానికి ఎఫ్‌డీని కదపకుండా, దాన్నే హామీగా పెట్టి ఓవర్‌డ్రాఫ్ట్ (కావాల్సినంత వాడుకునే బ్యాంకు అప్పు) తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది, తోట డబ్బు రాగానే కట్టేయొచ్చు.

అబ్బాయికి ఆరు నెలలు గడువివ్వండి. చిన్నదైనా సరే, ఒక గేమ్ మొదలుపెట్టి పూర్తిచేసి ప్లే స్టోర్‌లో పెట్టాలి. ఖాతాకు 25 డాలర్లు, ఒక్కసారే. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే ముందుగా 12 మందితో వరుసగా 14 రోజులు టెస్ట్ చేయించాలని గూగుల్ షరతు. ఆ 12 మంది ఇక్కడ ఆగిపోతోంది, ఇది అర్థం కావట్లేదు అంటుంటే ఓపిగ్గా సరిచేయడమే ఈ పనిలో అసలు చదువు. స్టూడియోలు సర్టిఫికెట్ కన్నా ముందు అడిగేది కూడా చేసి చూపించిన గేమే.

ఇలాంటి సంస్థలు చెప్పే ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అంటే ఉద్యోగం ఇప్పిస్తామని కాదు. బెంగళూరులో రాక్‌స్టార్, హైదరాబాద్‌లో ఈఏ లాంటి పెద్ద స్టూడియోలున్న మాట నిజమే. కానీ 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే గేమ్స్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. 2025 ఆగస్టులో మన దేశంలో డబ్బు పెట్టి ఆడే గేమ్‌లను నిషేధించాక అక్కడా ఉద్యోగాలు పోయాయి. అనుభవమున్నవాళ్లతో మీవాడు పోటీపడాలి. అందుకే కిందటి బ్యాచ్ వాళ్లతో నేరుగా మాట్లాడి, ఎవరు ఏ పనిలో, ఎంత జీతానికి చేరారో కనుక్కోండి.

ఆరు నెలల తర్వాతా ఇదే పట్టుదల ఉంటే, బెంగళూరు ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డిజైన్ అనే మాస్టర్స్ డిగ్రీ ఉంది. ఎంట్రన్స్ కష్టమే. సీటొస్తే మాత్రం బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్‌కు నేనే వెళ్లమంటాను.

ఈలోపే ఎవరైనా ఆధార్ ఓటీపీ తీసుకుని లోన్ మంజూరు చేసేసి ఉంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ వడ్డీ, ఖర్చులు, షరతులు రాసిచ్చే పత్రం) తెప్పించుకోండి. డిజిటల్ లోన్ అయితే అందులో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకుని లోన్ వదులుకునే గడువు, ఉంటుంది. ఆ గడువులోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఫీజు వాపసు కోసం సంస్థకు అదేరోజు మెయిల్ పెట్టండి.