హార్త్‌స్టోన్‌లో కామన్ కార్డులు కరిగించే ముందు తరుగు లెక్క చూసుకోండి

మీరు అడిగింది ఇది: హార్త్‌స్టోన్ (బ్లిజార్డ్ కంపెనీ వాళ్ల ఆన్‌లైన్ కార్డుల ఆట) మొదలుపెట్టి ఏడాది కావస్తోంది, ఇప్పటిదాకా రూపాయి పెట్టలేదు. ప్యాక్‌ల్లో వచ్చిన కామన్ కార్డులు 280 దాకా ఉన్నాయి, చేతిలో డస్ట్ (కార్డులు కరిగిస్తే వచ్చేది, కొత్త కార్డు చేసుకోవడానికి పెట్టేది) 240 ఉంది. కామన్లన్నీ డస్ట్ చేసి ఒక లెజెండరీ, అంటే అన్నిటికంటే అరుదైన స్థాయి కార్డు, చేసుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. చేయాలా? వద్దంటే, వాటిలో పనికొచ్చేవి ఏవో ఎలా తెలుస్తుంది?

చేయొద్దండి. మీ ఫ్రెండ్ లెక్క తప్పేమీ కాదు. కామన్ ఒక్కోటి కరిగిస్తే 5 డస్ట్, 280కి 1400. మీ 240 కలిపితే 1640. లెజెండరీ ఖరీదు 1600 కాబట్టి సరిగ్గా ఒకటి వస్తుంది. కానీ రేపు ఆ 280 కార్డులే మళ్లీ కావాలంటే ఒక్కోదానికి 40 చొప్పున 11,200 డస్ట్ పెట్టాలి. పాత బంగారం ఇచ్చి కొత్త నగ చేయించుకునేటప్పుడు తరుగు ఎంత తీస్తున్నారని మనం ముందే అడుగుతాం కదా, ఇక్కడా అదే అడగాలి. లెజెండరీ 1600 పెట్టి చేస్తే, కరిగించినప్పుడు 400 వస్తుంది, అంటే నాలుగో వంతు. దాని కింది స్థాయి ఎపిక్, 400కి 100, అదీ నాలుగో వంతే. ఆ కింద రేర్, 100కి 20, ఐదో వంతు. కామన్ 40కి 5, ఎనిమిదో వంతు. అంటే కార్డు ఎంత చిన్నదైతే తరుగు అంత ఎక్కువ. అందరూ ముందుగా కరిగించేది కామన్లనే, అన్నిటికంటే ఎక్కువ నష్టం వచ్చేదీ వాటితోనే.

ఇది నేను చేసి చూసిన పని. 2017లో హన్మకొండలో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ని. ఆ ఆగస్టులో నైట్స్ ఆఫ్ ది ఫ్రోజెన్ థ్రోన్ సెట్ వచ్చింది. అందులో లిచ్ కింగ్ అనే లెజెండరీ ఉంది: 8 మనా (కార్డు దించడానికి అయ్యే ఖర్చు, మన చేతికి టర్న్‌కి ఒకటి చొప్పున పెరుగుతుంది), అటాక్ 8, హెల్త్ 8, టాంట్ (ఎదుటివాడు ముందు దీన్నే కొట్టాలి) కూడా. పైగా మన టర్న్ అయిపోయినప్పుడల్లా చేతికి ఒక డెత్ నైట్ కార్డు ఇస్తుంది. దానికోసం నా దగ్గరున్న కామన్లు, రేర్లు దాదాపు అన్నీ కరిగించేశాను. కార్డు తయారైన రాత్రి ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. తర్వాత రెండు వారాలు వరసగా ఓడిపోయాను. లిచ్ కింగ్ చేతిలోనే ఉండేది. ఎనిమిదో టర్న్ దాకా ఆట నడిస్తే కదా దాన్ని బోర్డు మీద పెట్టేది! మొదటి మూడు టర్న్‌లలో దించడానికి నా దగ్గర సరైన కార్డు ఒక్కటి లేదు. ఐదారు టర్న్‌లకే ఆట అయిపోయేది.

పక్క రూమ్‌లో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. నా డెక్ చూసి ఒకే మాట అన్నాడు: "కార్డు మంచిదేరా, కానీ ఎనిమిదో టర్న్ దాక నిన్ను ఎవరు బతికిస్తరు?" తన వార్లాక్ (ఆటలో మనం ఎంచుకునే హీరో క్లాసుల్లో ఒకటి) డెక్ చూపించాడు. అందరూ జూ అని పిలిచే రకం, ఒక్క లెజెండరీ లేదు. నేను అంతకుముందు కరిగించిన కార్డులు అందులో ఐదారు కనిపించాయి.

ఆ డెక్‌తో ఆట ఎలా నడిచేదో ఒకసారి చూడండి. మొదటి టర్న్‌లో ఫ్లేమ్ ఇంప్. 1 మనాకే అటాక్ 3, హెల్త్ 2, కాకపోతే మన హీరోకి 3 దెబ్బలు పడతాయి. రెండో టర్న్‌లో ఫైర్ ఫ్లై. ఇది 1 మనా, అటాక్ 1, హెల్త్ 2. దించగానే దాదాపు తనలాంటిదే ఇంకో 1/2 ఎలిమెంటల్ కార్డుని చేతికి ఇస్తుంది. మిగిలిన ఒక మనాతో దాన్నీ దించేస్తాం. మూడో టర్న్‌లో వార్లాక్ హీరో పవర్‌తో (కార్డు ఖర్చు లేకుండా వాడుకునే శక్తి) 2 మనాకి ఒక కార్డు లాక్కుని, మిగిలిన ఒక మనాకి వాయిడ్‌వాకర్. నాలుగో టర్న్‌లో ఆ రెండు 1/2ల మధ్యలో డిఫెండర్ ఆఫ్ ఆర్గస్. దానికి రెండు పక్కలా ఉన్న మినియన్లకు, అంటే బోర్డు మీద దించిన సైనికుల్లాంటి కార్డులకు, +1/+1 వస్తుంది, టాంట్ కూడా వస్తుంది. అంతసేపూ చిన్నగా కనిపించిన రెండు కార్డులు 2/3 గోడల్లా నిలబడతాయి. ఎదుటివాడు మన హీరోని కొట్టాలంటే ముందు వాటిని దాటాలి. ఫైర్ ఫ్లై, ఫ్లేమ్ ఇంప్, ఆ డెక్‌లోనే ఉన్న డైర్ వుల్ఫ్ ఆల్ఫా కామన్లు, జత 80 చొప్పున 240. డిఫెండర్ రేర్, జత 200. మొత్తం 440 డస్ట్. వాయిడ్‌వాకర్ అప్పట్లో ఊరికే వచ్చేది. లిచ్ కింగ్ ఖరీదులో మూడో వంతు కూడా లేని ఈ కార్డులతో ఆ సీజన్‌లో 20వ ర్యాంకు నుంచి 12 దాకా వచ్చాను.

ఇంట్లో పండగలకి రమ్మీ ఆడినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. చేతిలో రెండు జోకర్లున్నా ఒరిజినల్ సీక్వెన్స్ పడకపోతే 80 కౌంటే. లెజెండరీ జోకర్ లాంటిది, సీక్వెన్స్ కట్టేది మాత్రం కామన్లే.

ఇక పనికొచ్చే కామన్‌ని ఎలా పట్టుకోవాలి అన్నది. నేను ముందుగా చూసేది ఒకటే: ఈ కార్డుని ఎదుటివాడు చంపేస్తే, నాకు ఏమైనా మిగులుతుందా? పాత కార్డులు రెండు పోల్చి చెబుతాను. మాగ్మా రేజర్, హార్వెస్ట్ గోలెమ్, రెండూ 3 మనావే. మాగ్మా రేజర్ అటాక్ 5, హెల్త్ 1. గోలెమ్ అటాక్ 2, హెల్త్ 3. కొత్తవాళ్ల కన్ను 5 మీదికే పోతుంది, నాదీ పోయింది. కానీ మేజ్ క్లాస్ హీరో పవర్ ఒక్క దెబ్బ చాలు, రేజర్ పోతుంది. ఎదుటివాడికి ఒక్క కార్డు కూడా ఖర్చు కాలేదు, మనకి మాత్రం కార్డూ పోయింది, టర్నూ పోయింది. గోలెమ్ చస్తే దాని చోట 2/1 ఇంకోటి లేస్తుంది. ఎదుటివాడు రెండుసార్లు కొట్టాలి, చాలాసార్లు రెండు కార్డులు వాడాలి. లూట్ హోర్డర్ కూడా ఇలాంటిదే, 2 మనా, 2/1, చస్తే మనకి ఒక కార్డు ఇచ్చి పోతుంది. ఫైర్ ఫ్లై అయితే చావనవసరం కూడా లేదు, దించగానే రెండోది చేతిలో ఉంటుంది. ఒక కార్డు ఖర్చుపెట్టి రెండు కార్డుల పని చేయించుకోగలిగితే అది ఏ రంగు రాయితో (కార్డు స్థాయిని చూపే గుర్తు) వచ్చినా మంచి కార్డే.

రెండోది, దించిన టర్న్‌లోనే ఏదైనా చేస్తుందా అన్నది. తక్కువ మనా కార్డులకి ఇది అంత ముఖ్యం కాదు, ఐదు మనా దాటినవాటికి చాలా ముఖ్యం. టర్న్ అంతా ఒకే కార్డుకి పోస్తున్నాం కాబట్టి, వచ్చే టర్న్ దాకా ఊరికే నిలబడేదైతే మోయలేం. లిచ్ కింగ్ వచ్చిన ఆ 2017 సెట్‌లోనే బోన్‌మేర్ అనే కామన్ ఉండేది. 7 మనా, 5/5, దించగానే బోర్డు మీదున్న మన మినియన్ ఒకదానికి +4/+4 ఇచ్చి టాంట్ పెట్టేది. ఆ 1/2 ఫైర్ ఫ్లై మీద వేస్తే 5/6 అయ్యి ఆ టర్న్‌లోనే కొట్టేది. 40 డస్ట్ కార్డు ఆటలు గెలిపిస్తోందని, ఎక్కడ చూసినా అదే కనిపిస్తోందని చివరికి 2018 ఫిబ్రవరిలో బ్లిజార్డ్ దాన్ని 8 మనాకి మార్చింది.

మూడోది షరతు. "చేతిలో డ్రాగన్ ఉంటే", "ఈ టర్న్‌లో ఫలానా స్పెల్ వేసి ఉంటే" అని మొదలయ్యే కామన్లు చవగ్గా కనిపిస్తాయి. ఆ షరతు తీర్చే కార్డులు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ముప్పై కార్డుల డెక్‌లో అవి రెండు మూడే ఉంటే, షరతు కుదిరే ఆటలు తక్కువ. కుదిరినప్పుడు ఎంత బలమో నేను పట్టించుకోను, కుదరనప్పుడు ఆ మనాకి ఈ కార్డు చాలుతుందా అని చూస్తాను. చాలకపోతే వదిలేస్తాను. అలాగే ఒకే క్లాస్‌కి చెందిన కార్డు కంటే న్యూట్రల్ కామన్‌కి డస్ట్ పెట్టడం కొత్తలో మంచిది. ఫైర్ ఫ్లైని నేను వార్లాక్‌లో, రోగ్‌లో, షామన్‌లో మూడింట్లోనూ వాడాను. 80 డస్ట్‌కి మూడు డెక్‌లు.

రేర్ల గురించి ఒక్క కార్డు చెప్పి ఊరుకుంటాను, ఎందుకంటే నాకు ఈ ఆటలో ఇంతకంటే ఇష్టమైన కార్డు లేదు. 2017 ఏప్రిల్‌లో జర్నీ టు ఉన్‌గోరో సెట్‌లో స్టోన్‌హిల్ డిఫెండర్ వచ్చింది. 3 మనా, 1/4, టాంట్. దించగానే టాంట్ ఉన్న మినియన్లు మూడు చూపించి ఒకటి తీసుకోమంటుంది. అప్పట్లో అలా చూపించేటప్పుడు మన క్లాస్ కార్డులు ఎక్కువగా వచ్చేవి. పాలడిన్ క్లాస్‌కి ఉన్న టాంట్ మినియన్లు కొన్నే, వాటిలో టిరియన్ ఫోర్డ్రింగ్, సన్‌కీపర్ టారిమ్ ఉన్నాయి. రెండూ లెజెండరీలే. నా ఖాతాలో టిరియన్ ఎప్పుడూ లేడు. అయినా స్టోన్‌హిల్ పుణ్యమా అని ఎన్నో ఆటల్లో టిరియన్‌ని ఆడాను. 100 డస్ట్ కార్డు 1600 కార్డుని చేతికి తెచ్చి ఇస్తోంది. అప్పటినుంచి "డిస్కవర్" అని రాసి ఉన్న చిన్న కార్డు కనిపిస్తే, అది ఏ గుంపులోంచి ఎంచుకోనిస్తోంది, ఆ గుంపు ఎంత చిన్నది అని తప్పకుండా చూస్తాను. గుంపు చిన్నదైతే కావలసింది దొరుకుతుంది.

ఇక కరిగించడం సంగతి. ఒక డెక్‌లో కామన్ రెండు కాపీలే పెట్టగలం కాబట్టి మూడోది కరిగించడంలో తప్పు లేదు. కానీ అది కూడా వెంటనే వద్దు. ఏదైనా కార్డుని బలం తగ్గించి మార్చినప్పుడు, అంటే నెర్ఫ్ చేసినప్పుడు, కొన్ని రోజులపాటు దాన్ని కరిగిస్తే పూర్తి ఖరీదు వెనక్కి ఇస్తారు. కామన్‌కి 5 కాదు, 40. తరుగే లేదు. బోన్‌మేర్ అదనపు కాపీలు రెండు నేను డిసెంబర్‌లో 10 డస్ట్‌కి కరిగించాను, ఫిబ్రవరి దాకా ఆగి ఉంటే 80 వచ్చేది. అదనపు కాపీలు ఉంచుకోవడం అప్పటినుంచి అలవాటైంది. 2018 అక్టోబర్‌లో మేజ్ కామన్ మనా వర్మ్‌ని 1 మనా నుంచి 2కి పెంచినప్పుడు నా దగ్గర నాలుగు అదనంగా ఉన్నాయి. 160 డస్ట్. కాబట్టి అందరూ "ఇది మరీ బలంగా ఉంది" అని గోల పెడుతున్న కార్డు మీ దగ్గర మూడోది ఉంటే దాచిపెట్టండి. ఎవరూ ఆడని కార్డు మూడోది ఉంటే కరిగించేయండి. బంగారు రంగు కామన్ అయితే కరిగిస్తే 50 వస్తుంది, మామూలు కామన్ ఒకటి చేసుకుని పది మిగులుతుంది. అందం కోసం దాచుకోవాలని లేకపోతే అది మంచి బేరమే.

ఇప్పుడు ఆడేవాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. 2020 నుంచి ప్యాక్‌ల నియమం మారింది. ఒక సెట్‌లో ఆ స్థాయి కార్డులన్నీ రెండేసి వచ్చేదాకా మూడో కాపీ రాదు. ఇందులో కరిగించినవి కూడా వచ్చినట్టే లెక్క. అంటే ఈరోజు మీరు 5 డస్ట్‌కి కరిగించిన కామన్, మిగతావన్నీ వచ్చేదాకా ప్యాక్‌లో మళ్లీ కనిపించదు, 40 పెట్టి చేసుకోవాల్సిందే. ఇదే నియమం ఇంకోవైపు మనకి మేలు చేస్తుంది. ప్యాక్‌లో ఐదు కార్డులుంటే సాధారణంగా నాలుగు కామన్లే, కాబట్టి ప్యాక్‌లు తెరిచేకొద్దీ ఆ సెట్ కామన్లు వాటంతటవే నిండిపోతాయి. కొత్త సెట్ వచ్చిన మొదటి రోజే కామన్‌కి డస్ట్ పెట్టకండి. ఆటలో సంపాదించి దాచుకున్న గోల్డ్‌తో, 100కి ఒకటి చొప్పున, ప్యాక్‌లన్నీ తెరిచాక ఇంకా రాకుండా మిగిలినవాటికే పెట్టండి. కోర్ సెట్‌లో ఏం ఇస్తున్నారో కూడా చూసుకోండి. 2021 నుంచి అది అందరికీ ఉచితం, ఏటా మారుతుంది. నేను పైన చెప్పిన పాత కార్డుల్లాంటివి కొన్నేళ్లు అందులో ఊరికే దొరుకుతాయి. ఏడాదికోసారి పాత సెట్లు స్టాండర్డ్ (ఇటీవలి సెట్లతోనే ఆడే పద్ధతి) నుంచి వెళ్లిపోతాయి, ఆ రోజు దగ్గర పడుతుంటే వెళ్లిపోయే సెట్ కార్డుకి డస్ట్ పెట్టొద్దు.

మీ 240 డస్ట్‌కి వస్తే, నేనైతే ముందు మీ డెక్‌లో 1, 2, 3 మనా కార్డులు ఎన్నున్నాయో చూస్తాను. దూకుడుగా ఆడే డెక్ అయితే అవి పదిహేనుకి తగ్గకూడదు. ఏ టర్న్‌లో ఖాళీగా కూర్చుంటున్నారో ఒక పది ఆటలు రాసుకోండి. రెండో టర్న్‌లో అయితే, చచ్చినా ఏదో ఒకటి మిగిల్చే 2 మనా న్యూట్రల్ కామన్ ఒక జత, 80. అది కుదిరాక ఇంకా 160 ఉంటుంది, దాన్ని తొందరపడి ఖర్చు పెట్టకండి. మీరు ఏ క్లాస్ ఆడుతున్నారో, ఆ పది ఆటల్లో ఏ టర్న్ ఖాళీగా పోయిందో చెప్పండి. మీ 280లో వెతకాల్సినవి ఏవో ఇద్దరం కలిసి చూద్దాం.