టెక్ సందేహాలు: కళ్లెదుట పిచ్, చేతిలో కంట్రోలర్

నెల్లూరులో ‘వీఆర్’ అనగానే ముందు గుర్తొచ్చేది వీఆర్ కాలేజీ, దాని మైదానం. కొన్నాళ్లుగా నాకొచ్చే ఉత్తరాల్లో ఆ రెండక్షరాలకు ఇంకో అర్థం కనిపిస్తోంది. అదే వర్చువల్ రియాలిటీ, అంటే కళ్ల ముందు తెర ఉండే హెడ్‌సెట్ తలకు పెట్టుకుంటే, లేని చోటు చుట్టూ ఉన్నట్టు చూపించే సాంకేతికత. ఈ వారం ప్రశ్నల్లో ఎక్కువ భాగం హెడ్‌సెట్ పెట్టుకుని క్రికెట్ ఆడటం గురించే ఉన్నాయి. మిగతా సందేహాలను వచ్చే వారానికి ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

మా అబ్బాయికి పదమూడేళ్లు. క్రికెట్ కోచింగ్‌కు వెళ్తున్నాడు. ఆట మీద ప్రాణం, కానీ వేగంగా వచ్చే బంతిని చూస్తే వెనక్కి జరుగుతున్నాడు. వీఆర్ హెడ్‌సెట్ కొనిస్తే ఆట మెరుగుపడుతుందా? అక్టోబరు, నవంబరు వానలకు గ్రౌండ్ చెరువైపోయినప్పుడైనా పనికొస్తుందని ఆశ. – ఒక తండ్రి, కావలి

కొంత మెరుగుపడుతుంది. అయితే మీరు కోరుకుంటున్నది ఆ కొంతలో ఉందా లేదా అన్నది చూడాలి.

బ్యాటింగ్‌లో కంటి పని, చేతి పని వేరువేరు. బౌలింగ్ వైపు క్రీజు నుంచి బ్యాటర్ క్రీజు దాకా 17.68 మీటర్ల దూరం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వదిలిన బంతి దాన్ని అరసెకనులోపే దాటేస్తుంది. మీ అబ్బాయి వయసువాళ్లు 90 కిలోమీటర్లతో వేస్తారనుకున్నా ముప్పావు సెకను కూడా పట్టదు. అది ఏ గీత మీద వస్తోంది, ఎక్కడ పడుతుంది, ముందుకు వెళ్లాలా వెనక్కి వెళ్లాలా అన్నదంతా ఆ లోపే తేల్చుకోవాలి. ఈ తేల్చుకునే పనిని హెడ్‌సెట్ బాగా సాధన చేయిస్తుంది. బౌలర్ అలసిపోడు, వాన అడ్డురాదు, పదిహేను నిమిషాల్లో వంద బంతులు చూడవచ్చు.

నెల్లూరులో మిత్రుడి ఇంట్లో మొదటిసారి పెట్టుకున్నప్పుడు నాకు ఇది ఒంటికి తెలిసింది. హాల్లో సోఫా జరిపి, మధ్యలో నిలబడ్డాను. బౌలర్ పరుగెత్తుకొచ్చి చెయ్యి తిప్పాడు, బంతి గుడ్ లెంగ్త్‌లో పడి ఛాతీ ఎత్తుకు లేచింది. ఎదురుగా ఏమీ లేదని తెలిసినా నా తల తనంతట తానే పక్కకు ఒరిగింది, కుడి పాదం ఒక అడుగు వెనక్కి పడింది. లోతు, ఎత్తు, వేగం అంత నమ్మకంగా అనిపిస్తాయి. టీవీ ముందు కూర్చుని ఆడే వీడియో గేమ్‌లో ఇది ఎన్నేళ్లయినా రాదు.

కానీ ఆ తెరకు ఒక హద్దు ఉంది. కొనేముందు మీరు దాన్ని తెలుసుకోవాలి. మెటా కంపెనీ తయారుచేసిన క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో ఒక డిగ్రీ చూపుకు సుమారు 25 పిక్సెళ్లు, అంటే తెర మీది చుక్కలు, ఉంటాయి. బౌలర్ చేతిలో ఉన్న బంతి బ్యాటర్ కంటికి పావు డిగ్రీ వెడల్పు కూడా ఉండదు. అంటే బంతి మొత్తం అక్కడ ఆరు చుక్కల్లో ఇమిడిపోతుంది. ఇక కుట్టు ఎటు వాలింది, స్పిన్నర్ వేళ్లు ఎలా పట్టుకున్నాయి అన్నది కనబడే అవకాశమే లేదు. పైగా తెర సెకనుకు 72 సార్లు మారేలా నడుస్తుంటే, 140 కిలోమీటర్ల బంతి ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య అర మీటరు పైగా గెంతుతుంది. 120 సార్లకు పెంచితే ఆ గెంతు 32 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అందుకే హెడ్‌సెట్‌లో, ఆటలో ఆ సదుపాయం ఉంటే ఎక్కువ రిఫ్రెష్ రేటునే ఎంచుకోండి. గీత, లెంగ్త్ పసిగట్టడం దీంతో అలవడుతుంది. బౌలర్ చేతిని చదవడం మాత్రం మైదానంలోనే రావాలి.

చేతి పని సంగతి ఇంకా స్పష్టం. కిలోకు పైగా బరువుండే బ్యాటు తిప్పే భుజానికీ, ఆటలో బ్యాటుకు బదులు పట్టుకునే, అరచేతిలో ఇమిడే కంట్రోలర్ తిప్పే మణికట్టుకీ పోలిక లేదు. బంతి తగిలినప్పుడు కంట్రోలర్ చిన్నగా వణుకుతుంది, అంతే. బ్యాటు మధ్యలో తగిలిందా, అంచుకు తగిలిందా అన్నది చేతికి తెలియదు. బరువు లేకపోవడంతో పిల్లలు ఒంటి చేత్తో విసురుగా ఊపడం మొదలుపెడతారు. ఆ అలవాటును మాన్పించడానికి కోచ్ నెలలు కష్టపడాలి. ఆడినంతసేపూ రెండు చేతులతోనే పట్టుకోమనండి. అలాగని కంట్రోలర్‌ను అసలు బ్యాటుకు కట్టి ఇంట్లో ఊపనివ్వకండి. కళ్లు మూసి ఉన్న మనిషి చేతిలో అది ఆయుధమే.

ఇక మీరు రాసిన భయం సంగతి. బంతి తగిలితే నొప్పి పుడుతుందన్నది మీ అబ్బాయి భయం. హెడ్‌సెట్‌లో బంతి తగిలినా నొప్పి ఉండదని వారంలో వాడి ఒంటికి తెలిసిపోతుంది. అక్కడ వెనక్కి జరగడు, గ్రౌండ్‌లో మళ్లీ జరుగుతాడు. కాబట్టి ముందు తలకు సరిగ్గా కూర్చునే హెల్మెట్, మంచి గ్లౌజులు, ప్యాడ్లు, థై ప్యాడ్ కొనండి. పది, పన్నెండు అడుగుల నుంచి టెన్నిస్ బంతి మెల్లగా విసిరి, రోజూ కొంచెం వేగం పెంచుతూ మీరే ఆడించండి. ఆ తర్వాతా డబ్బు మిగిలితే, అప్పుడు హెడ్‌సెట్. క్వెస్ట్ వాడటానికి కావాల్సిన మెటా ఖాతా పదేళ్లు నిండని పిల్లలకు లేదు. పది నుంచి పన్నెండేళ్లవారికి తల్లిదండ్రుల పర్యవేక్షణలో నడిచే ఖాతా ఉంటుంది. పదమూడు నిండాయి కాబట్టి మీ అబ్బాయికి సొంత ఖాతా వస్తుంది. అయినా పర్యవేక్షణ మీ ఫోనులో పెట్టుకోండి.

ఏ ఆట అని అడిగేవారికి ఒక మాట. హైదరాబాద్‌కు చెందిన ప్రోయుగ సంస్థ ఐబీ క్రికెట్ అనే వీఆర్ ఆటను రూపొందించింది. మన దగ్గర తయారైన ఆట కాబట్టి నేను దాంతోనే మొదలుపెట్టమంటాను.

ఫోను లోపల పెట్టుకునే వీఆర్ డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. తల తిప్పితే స్టేడియం కనిపిస్తోంది కానీ బ్యాటు నా చేతి ప్రకారం కదలడం లేదు. సెట్టింగ్ ఎక్కడ మార్చాలి? – డిగ్రీ విద్యార్థి, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

మార్చడానికి సెట్టింగ్ లేదు. మీరు మోసపోలేదు, ఆ డబ్బా చేయగలిగింది అంతే. ఫోనులోని సెన్సర్లు తల ఎటు తిరిగిందో చెప్పగలవు. మీరు ఒక అడుగు ముందుకు వేశారని చెప్పలేవు, మీ చెయ్యి ఎక్కడుందో అసలే చెప్పలేవు. క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్‌కు బయటివైపు కెమెరాలు ఉంటాయి. కంట్రోలర్‌లోని, కంటికి కనబడని పరారుణ దీపాలను అవి చూస్తూ, బ్యాటు ఎక్కడుందో క్షణక్షణం లెక్కకడతాయి. ముందుకు కాలు వేసి డ్రైవ్ ఆడాలంటే ఆ ఏర్పాటు కావాల్సిందే. మీ డబ్బాను 360 డిగ్రీల వీడియోలు చూడటానికి వాడుకోండి.

కొత్తిల్లు కట్టుకున్నాం. నేలంతా చీమకుర్తి నల్ల గ్రానైట్. హాల్లో వీఆర్ క్రికెట్ ఆడుతుంటే, ఆడే చోటు చుట్టూ హెడ్‌సెట్‌లో గీసుకున్న సరిహద్దు మాటిమాటికీ చెరిగిపోతోంది, ఒక్కోసారి నేల పైకి లేచినట్టవుతోంది. మేడ మీద ఆడుకోవచ్చా? – ఒంగోలు పాఠకుడు

మేడ మీద వద్దు. ఈ ఉత్తరం చూడగానే నాకు ముందు భయం వేసింది, అందుకే మొదట అదే చెబుతున్నాను. భూతద్దంతో కాగితం కాల్చిన రోజులు గుర్తున్నాయి కదా. హెడ్‌సెట్ లోపల మీ కళ్ల ముందుండే కటకాలూ అదే పని చేస్తాయి. ఎండ వాటి మీద నేరుగా పడితే వెనకున్న తెర కాలిపోతుంది. తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు హెడ్‌సెట్ తీసి, లోపలి భాగం పైకి ఉండేలా కిటికీ గట్టు మీద పెట్టాడు. తర్వాత పెట్టుకు చూస్తే ఎడమ కన్ను వైపు బియ్యపు గింజంత పసుపు మచ్చ. ఎటు చూసినా ఆ మచ్చ వెంట వస్తుంది. దానికి మందు లేదు, తెర మార్చాల్సిందే. పిట్టగోడ ఉన్న మేడ మీద కళ్లు మూసుకుని అడుగులు వేయడం దానికన్నా పెద్ద ప్రమాదం.

మీ అసలు సమస్య నేల మెరుపు. కెమెరాలు గదిలో కదలని గుర్తులను పట్టుకుని తమ చోటు తెలుసుకుంటాయి. అద్దంలా మెరిసే నల్లరాతిలో ట్యూబులైటు, ఫ్యాను, మీ కాళ్లు అన్నీ ప్రతిబింబిస్తాయి. మీరు కదిలితే ఆ నీడలూ కదులుతాయి, దాంతో లెక్క తప్పుతుంది. పూలో గళ్లో ఉన్న పాత జంపఖానా ఒకటి పరవండి, దాని అంచులు కాలికి తగలకుండా టేపుతో అంటించండి. నిలువుటద్దం ఉంటే దుప్పటి కప్పండి. గోడలు పూర్తిగా తెల్లగా ఉంటే ఒక క్యాలెండరు తగిలించినా మేలే. గదిలో లైటు వేసే ఉంచండి, చీకట్లో కెమెరాలకు ఏమీ కనబడదు. కనీసం రెండు మీటర్లు పొడవు, రెండు మీటర్లు వెడల్పు ఖాళీ కావాలన్నది సాధారణ లెక్క. బ్యాటు ఊపేవాళ్లకు నా మాటగా ఇంకో అడుగు కలుపుకోండి. ఫ్యాను కింద ఆడకండి, మణికట్టు పట్టీ వేసుకోకుండా కంట్రోలర్ పట్టుకోకండి.

కళ్లద్దాలు ఉన్నాయి, కాసేపటికి తల తిరుగుతోంది. – గృహిణి, సింగరాయకొండ

బ్యాటింగ్‌లో మీరు నిలబడ్డచోటే ఉంటారు కాబట్టి, బండి నడిపే ఆటలతో పోలిస్తే తల తిరగడం తక్కువ ఉండాలి. కటకాల మధ్య దూరం మీ కళ్లకు సరిపడా జరిపారా చూడండి. క్వెస్ట్ 2లో అది మూడు మెట్లుగా మారుతుంది, క్వెస్ట్ 3లో చిన్న చక్రం తిప్పాలి. అద్దాలు కటకాలకు రాసుకుంటే రెండూ గీతలు పడతాయి, రెండింటి మధ్య ఎడం ఉంచే స్పేసర్ వేసుకోండి. మన ఉక్కపోతకు లోపల ఆవిరి పడుతుంది కనుక ఫ్యానుగాలి ఎదురుగా తగిలేలా నిలబడండి. పది నిమిషాలు ఆడి తీసేయండి. ఒళ్లు తేలినట్టనిపిస్తే ఆ రోజుకు ఆపేయాలి, ఓర్చుకుని కొనసాగించకూడదు.

సెకండ్‌హ్యాండ్ క్వెస్ట్ 2 చవకగా వస్తోంది. తీసుకోవచ్చా? – మాగుంట లేఅవుట్, నెల్లూరు

క్వెస్ట్ 2 అమ్మకాలను కంపెనీ నిలిపివేసింది కాబట్టి, ముందు ముందు కొత్త ఆటలు దానికి తగ్గుతాయి. ఇప్పుడున్న క్రికెట్‌కు చాలు. అమ్మేవ్యక్తి తన ఖాతా తొలగించి, మీ ఎదుటే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి, అంటే అందులోని తన సమాచారమంతా చెరిపేయాలి. మీ ఖాతాతో తెరిచి, పది బంతులు ఆడి చూడండి. హెడ్‌సెట్ లోపల తెరంతా తెల్లగా కనిపించేలా పెట్టి, ఒక్కో కన్ను మూస్తూ, ఎండ వల్ల పడుతుందని పైన చెప్పిన పసుపు మచ్చ కోసం వెతకండి. డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి.