తొమ్మిది బొమ్మల్లో నా ఒళ్లు ఏది?

ప్రశ్న: నా వయసు 42. ఎత్తు 170 సెం.మీ., బరువు 76 కిలోలు. ఈమధ్య ఒక ఆరోగ్య సర్వేలో బక్కపలచటి మనిషి నుంచి బాగా లావుపాటి మనిషి వరకు తొమ్మిది బొమ్మలు చూపించి, మీ ఒళ్లు దేనిలా ఉందని అడిగారు. నేను నాలుగోది అన్నాను, మా ఆవిడ ఆరోది అంది. బొమ్మలతో ఊబకాయం తెలుస్తుందా? నెలనెలా ఫొటో తీసుకుంటే నా ఒంట్లో మార్పు పట్టుకోవచ్చా?

జవాబు: ఆ బొమ్మల వరస 1983లో అమెరికా మానసిక వైద్యుడు స్టంకార్డ్, ఆయన సహచరులు వాడుకలోకి తెచ్చినది. కాటా, టేపు అందనిచోట, లేదా ‘ఇరవయ్యేళ్లప్పుడు మీరెలా ఉండేవారు?’ అని అడగాల్సినప్పుడు బాగా పనికొస్తుంది. లావుగా ఉన్నవాళ్లు తరచూ ఒక బొమ్మ తగ్గించి చెబుతారు. అయినా అవే బొమ్మలు, అదే ప్రశ్న కొన్నేళ్లకోసారి వేలమందికి వేస్తే, జనం మొత్తం మీద లావవుతున్నారో, సన్నబడుతున్నారో తెలుస్తుంది. చిక్కల్లా ఒకటే: చుట్టూ అందరూ లావైతే మన కంటికి అదే మామూలు ఒళ్లయిపోతుంది. అప్పుడు పెరుగుదల ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. అందుకే సర్వేలో కొందరికైనా ఎత్తు, బరువు స్వయంగా కొలిచి సరిచూసుకోవాలి.

మీ ఒక్కరి విషయంలో మాత్రం బొమ్మ చాలదు. పక్కపక్క బొమ్మల మధ్య తేడా చాలా కిలోలు ఉంటుంది. మీరు నాలుగు కిలోలు తగ్గినా అదే బొమ్మ దగ్గర ఉండిపోవచ్చు. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 26.3, అంటే అధిక బరువు. ఆసియా మూలాలున్నవారిలో 23 నుంచే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ముందు నడుము కొలవండి. అన్నిటికన్నా కింది పక్కటెముక అంచుకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, నేలకు సమాంతరంగా, చర్మం నొక్కుకోకుండా టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. చాలామంది పొట్ట కింద ప్యాంటు కట్టుకునే చోట కొలిచి మోసపోతారు. వెనకవైపు టేపు జారినా లెక్క తప్పుతుంది. రెండుసార్లు కొలిచి, తేడా ఒక సెంటీమీటరు దాటితే మళ్లీ కొలవండి. నడుము ఎత్తులో సగం దాటకూడదు. మీకైతే ఆ హద్దు 85 సెం.మీ.

ఫొటో తీయొచ్చు, కానీ పద్ధతిగా. ఫోన్ చేతిలో పట్టుకోవద్దు. స్టాండు మీద, బొడ్డు ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో పెట్టి టైమరు వాడండి. దగ్గరగా తీస్తే ముందుకొచ్చిన పొట్ట ఇంకా పెద్దదవుతుంది. పైనుంచి తీస్తే కాళ్లు పొట్టివవుతాయి. నేల మీద టేపు ముక్క అంటించి ఎప్పుడూ అక్కడే నిలబడండి. పొద్దున్నే, మలవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, అవే బిగుతైన దుస్తుల్లో, పొట్ట లోపలికి పీల్చకుండా తీయాలి. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి చాలు. పొట్ట మార్పును ఎక్కువ నమ్మకంగా చూపేది పక్క ఫొటోనే. నాలుగు వారాలకోసారి మించి తీయొద్దు. గ్యాస్, మలబద్ధకం, ఉప్పుతో ఒంట్లో చేరిన నీరు ఒక్కరోజులోనే ఆకారం మార్చేస్తాయి. ముఖం రాకుండా తీసి, ఫోన్‌లో తాళం వేసిన ఫోల్డర్‌లో ఉంచుకోండి. ఫొటో చూసుకుంటే దిగులు పెరుగుతుందనిపిస్తే మానేయండి, టేపు సరిపోతుంది.

చర్మం కింది కొవ్వుకూ పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వుకూ తేడా ఫొటో చెప్పలేదు. నడుము హద్దు దాటి ఉంటే బీపీ, రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించుకోండి.

కొన్ని వారాల్లోనే పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ సన్నబడినా, పాదాల్లో వాపు వచ్చినా అది కొవ్వు కాకపోవచ్చు, పొట్టలో నీరు చేరి ఉండొచ్చు. పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం ఉంటే హార్మోన్ పరీక్షలు అవసరం. ఇలాంటివి కనిపిస్తే వచ్చే నెల ఫొటో కోసం ఆగకుండా వెంటనే డాక్టర్‌ని కలవండి.